పాదము మోపని పందెము

పందెమన్నంతనే వేగము స్ఫురించుట లోకసహజము. గుఱ్ఱపు పందెమైనను, పడవ పందెమైనను, ఎడ్లబండ్ల పందెమైనను ముందుగా గమ్యము చేరినవానిదే గెలుపు. కాని వేగముతో దాదాపు నిమిత్తము లేని పందెమొకటి పాశ్చాత్య దేశములలో నూరేండ్లకు పైగా సాగుచున్నది. దాని పేరు ట్రయల్స్. మోటారు సైకిలు మీద గాని, మామూలు సైకిలు మీద గాని కూర్చుండి, బండరాళ్లును, వాగులును, బురదయు, చెట్ల వేళ్లును, నిట్టనిలువు మెట్టలును గల చోట్ల పాదము నేల మోపకుండ దాటిపోవుటయే అందలి పరీక్ష.

ఆ పరీక్షకు నియమములు స్వల్పము. క్రీడాస్థలమును కొన్ని ఘట్టములుగా విభజించి, ప్రతి ఘట్టమునకును రెండువైపుల హద్దులు గుర్తించి, ఒక పరిశీలకుని నిలుపుదురు. మోటారు సైకిళ్ల పోటీలలో హద్దుల నడుమ చోదకుడు ఒకసారి పాదము మోపినచో ఒక మార్కు. రెండుసార్లు మోపినచో రెండు. అంతకు మించినచో మూడు. పడిపోయినను, హద్దు దాటిపోయినను అయిదు. ఇవి తప్పులకు పడు మార్కులు గనుక, దినాంతమున ఎవని పట్టికలో తక్కువ మార్కులుండునో వాడే విజేత. పాఠశాలలో సున్న తెచ్చుకొన్న విద్యార్థి ఇంటికి పోవుటకు జంకును; ఈ క్రీడలో సున్న తెచ్చుకొన్నవానికి బహుమానము! పల్లెలలో బాలికలాడు తొక్కుడుబిళ్లలో గీత త్రొక్కినచో ఆట పోవును. ట్రయల్స్ నందలి న్యాయము కూడ ఇంచుమించు అటువంటిదే.

ఇట్టి క్రీడ జనాదరణము పొందినకొలది ఏ విధముగా మారినది, ఆ మార్పులో లాభమెంత, నష్టమెంత అనునది విచారింపదగిన విషయము. కొద్దిమంది నడుమ పెరిగిన విద్య పెద్ద సభకెక్కినపుడు దానికేమగును అను ప్రశ్న, ఈ క్రీడను ఎన్నడును చూడనివారికి కూడ అక్కరకు వచ్చునదే.

మోటారు సైకిళ్లు కొత్తగా వచ్చిన దినములలో, అవి కొండ నెక్కగలవా, దారిలో ఆగిపోవునా అనునది కొనువారి సందేహము. ఆ సందేహము తీర్చుటకై బ్రిటనులో ఏర్పడిన పరీక్షలే ట్రయల్స్‌కు మూలము. స్కాట్లండులో ఎడింబరో మోటారు సంఘమువారు 1909 లో ప్రారంభించిన పరీక్ష 1911 నుండి ఆరు దినముల పరీక్షగా ప్రసిద్ధి కెక్కినది. యార్క్‌షైరులో ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ అను యంత్రనిర్మాత తన కర్మాగారపు పనివారి కొరకు 1914 లో మరియొక పోటీని నెలకొల్పెను. స్కాట్ ట్రయల్ అను పేర అది నేటికిని జరుగుచున్నది. అందు మాత్రము తప్పులతోపాటు కాలమును కూడ లెక్కింతురు. తొలుత పరీక్ష యంత్రమునకు. యంత్రములు బలపడినకొలది ఆ పరీక్ష మనిషికి సంక్రమించినది. కొండ నెక్కగల బండి అందరికిని దొరకిన తరువాత, దానిని తప్పు లేకుండ ఎక్కింపగలవాడెవడన్నదే ప్రశ్నగా మిగిలినది.

ఆనాటి క్రీడాసంస్కృతి నిరాడంబరమైనది. ఊరూర చిన్న సంఘములుండెడివి. సభ్యులు ఆదివారమునాడు ఒక రైతు అనుమతితో ఆతని బీడులోనో, వాగులోనో హద్దులు గుర్తించి పోటీ జరుపుకొనెడివారు. వారమంతయు పనికి పోవు బండినే ఆదివారము పోటీకి తెచ్చి, సాయంకాలము దానిమీదనే ఇల్లు చేరినవారు అనేకులు. చూచువారు స్వల్పము, చూచువారిలో సగము మంది చోదకుల బంధుమిత్రులే.

ఈ సంస్కృతికి ఆయువుపట్టు పరిశీలకుడు. ఆతడు సామాన్యముగా జీతము లేని సేవకుడు. వానలో పట్టిక చేతబట్టుకొని, ఒకే బండ ప్రక్కన గంటల తరబడి నిలిచి, వచ్చిన ప్రతివాని పాదమును కనిపెట్టుటయే ఆతని పని. జగజ్జెట్టి వచ్చినను, మొన్న నేర్చిన కుఱ్ఱవాడు వచ్చినను లెక్క ఒక్కటే. అవధానసభలో పృచ్ఛకుడెట్టివాడో ఇచ్చట పరిశీలకుడట్టివాడు. పృచ్ఛకులు లేని అవధానము వల్లెవేసిన పద్యముల అప్పగింత యగును. పరిశీలకుడు లేని ట్రయల్స్ వట్టి గారడి యగును. చోదకుడు ముందుగా కాలినడకన పోయి దారి చూచుకొనవచ్చును; బండితో అభ్యాసము చేయరాదు. తన వంతు వచ్చినపుడు ఒక్కటే ప్రయత్నము. జరిగినది జరిగినట్లు పట్టిక కెక్కును.

ఈ నిరాడంబర స్థితి నుండి క్రీడ మలుపు తిరుగుటలో శామీ మిల్లర్ పాత్ర గొప్పది. ఉత్తర ఐర్లండునకు చెందిన ఈ మేటి చోదకుడు ఏరియల్ అను ఆంగ్లేయ యంత్రముపై ఎన్నియో పోటీలు గెలిచెను. అది నూరు కిలోలకు పైబడిన బరువైన బండి. 1964 లో ఆతడు స్పెయినులోని బుల్టాకో కర్మాగారమువారితో చేరి, ట్రయల్స్ కొరకే ఉద్దేశింపబడిన తేలికయైన కొత్త యంత్రమును రూపొందించుటకు తోడ్పడెను. 1965 లో స్కాట్లండు ఆరు దినముల పరీక్షను ఆ యంత్రముపైననే గెలిచెను. అంతటితో పాత బండ్ల కాలము తీరినది. బుల్టాకో, మోంటెసా, ఓస్సా అను మూడు స్పెయిను కర్మాగారముల బండ్లు ఈ రంగమున ముందునకు వచ్చినవి. 1975 లో ప్రపంచ విజేత పోటీలు ఏర్పడినవి. పనికి పోవు బండి వేరు, పోటీ బండి వేరు అయినది. నేటి పోటీ బండికి కూర్చుండుటకు తగిన పీట కూడ లేదు. చోదకుడు నిలువుకాళ్లమీదనే నడపవలెను. బరువు డెబ్బది కిలోల ప్రాంతము. అది ఒక్క పనికే పుట్టిన పరికరము.

యంత్రము మారగా విద్య మారినది. 1979 లో ప్రపంచ విజేతయైన అమెరికను చోదకుడు బెర్నీ ష్రైబర్ ఒక చక్రమును గాలిలోనికి లేపి బండిని ఉన్నచోటనే త్రిప్పు నేర్పును ప్రచారములోనికి తెచ్చెను. తరువాత స్పెయిను దేశీయుడు జోర్డి టారెస్ వచ్చెను. ఆతడు బాల్యమున సైకిలు ట్రయల్స్ ఆడినవాడు. సైకిలుమీద నేర్చిన గెంతులను మోటారు సైకిలునకు పట్టించి, 1987 నుండి 1995 వరకు ఏడు పర్యాయములు ప్రపంచ విజేత యయ్యెను. పూర్వము బండి ఆగక ముందుకు సాగుటయే ధర్మము. ఆగినచో అది తప్పు. కొత్త విద్యలో చోదకుడు బండమీద నిలిచి, ముందుచక్రము ఒకసారి, వెనుకచక్రము ఒకసారి ఎగిరించి, సరిచూచుకొని, మరియొక బండమీదికి దుముకును. ఆగుటకు అనుమతి లభించినకొలది ఘట్టములు కఠినమైనవి. ఘట్టములు కఠినమైనకొలది సామాన్యుడు వానికి దూరమైనాడు. 2013 లో అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్యవారు ప్రపంచ పోటీలందు ఆగరాదను నియమమును మరల ప్రవేశపెట్టగా పెద్ద వాదమే చెలరేగినది. ప్రవాహమువలె సాగుట అందమా, శిల్పివలె నిలిచి నిలిచి చెక్కుట అందమా అన్నది ఆ వాదమునకు సారాంశము. రెండు పక్షములందును న్యాయము లేకపోలేదు.

పిమ్మట క్రీడ కొండ దిగి పట్టణము చేరినది. 1978 లో బార్సిలోనా నగరమున పైకప్పు గల క్రీడామందిరములో ట్రయల్స్ పోటీ జరిపిరి. 1993 నుండి లోపలి పోటీలకు వేరుగా ప్రపంచ విజేత బిరుదము ఏర్పడినది. బండరాళ్లకు బదులు దూలములును, సిమెంటు దిమ్మలును, నీటి తొట్లును అమర్చుదురు. దీపముల వెలుగులో వేలమంది కుర్చీలలో కూర్చుండి చూతురు. స్పెయినుకు చెందిన టోనీ బౌ 2007 నుండి 2024 వరకు ప్రతి సంవత్సరమును బయటి పోటీలందును, లోపలి పోటీలందును ప్రపంచ విజేతగా నిలిచెను. అట్టి అఖండ విజయము ఏ క్రీడలోనైనను అరుదు. ఆతని విద్యను కొండ చాటున పదిమంది చూచుటకంటె మందిరమున పదివేలమంది చూచుట మేలే. అయినను ఒక్కటి పోయినది. కొండమీది బండ ఉదయము పొడిగా నుండును, మధ్యాహ్నము వానకు జారును; ముందు పోయినవారి చక్రములకు దారి మారిపోవును. సిమెంటు దిమ్మకు ఆ స్వభావము లేదు. ప్రకృతి పెట్టు పరీక్షకు బదులు మనిషి అమర్చిన పరీక్ష వచ్చినది.

సైకిలు ట్రయల్స్ కథ దీనికి సమాంతరముగా నడచినది. మోటారు బండి నెక్కు వయస్సు రాని పిల్లల కొరకు స్పెయినులో చిన్న సైకిళ్లతో ఈ అభ్యాసము వ్యాపించినది. మోంటెసా కర్మాగారముతో సంబంధము గల పేరే పీ అను చోదకుని కుమారుడు ఓట్ పీ సైకిలు ట్రయల్స్‌లో ప్రపంచ విజేతగా పేరొందెను. సైకిలునకు చమురు అక్కర లేదు, కొండ అక్కర లేదు. వీధిలోని మెట్లును, పిట్టగోడయు, పడియున్న చెక్కపెట్టెయు చాలును. అందుచేత క్రీడ పట్టణపు పిల్లలకు అందుబాటులోనికి వచ్చినది. ఇది పెద్ద మేలు.

కాని గమనింపదగిన మార్పొకటి ఈ శాఖలోనే జరిగినది. చిరకాలము సైకిలు పోటీలందును తప్పులనే లెక్కించిరి. ఇటీవలి సంవత్సరములలో అంతర్జాతీయ సైకిలు సమాఖ్యవారి పోటీలందు, ఘట్టములో అమర్చిన ద్వారములను దాటినకొలది మార్కులు కూడబెట్టు పద్ధతి వచ్చినది. ఎక్కువ మార్కులవాడు గెలుచును. కొత్తగా చూచువారికి ఇది సులభగ్రాహ్యము. సున్న వచ్చినవాడెట్లు గెలిచెనని వారికి విడమరచి చెప్పు పని తప్పినది. పాదము మోపుటకు ఇప్పటికిని హద్దు ఉన్నదే గాని, లెక్కలో మొదటి స్థానము తప్పునుండి సాధనకు మారినది. జనాదరణము ఒక క్రీడను ఏ దిక్కునకు నెట్టునో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఆ దిక్కుననే మరికొంత దూరము పోయినచో చలనచిత్రము ఎదురగును. 2009 ఏప్రిలులో ఎడింబరో నగరపు సైకిళ్ల దుకాణములో పనివాడుగా నున్న డానీ మక్‌ఆస్కిల్ అను యువకుని విన్యాసములు కొద్ది నిమిషముల చిత్రముగా ఇంటర్నెట్టులో వెలువడినవి. అనేక మాసములు శ్రమించి తీసిన చిత్రమది. ఇనుప కటకటముల అంచుమీద సైకిలు నడపుట, గోడనుండి గోడకు దుముకుట మొదలగు వానిని కోట్లకొలది జనులు చూచిరి. అంతవరకు ట్రయల్స్ అను మాట విననివారు సైతము ఆ దినముతో దానిని గుర్తించిరి. ఆతడు మహాసాధకుడు, సందేహము లేదు. ఐతే ఆ మార్గమున హద్దులు లేవు, పరిశీలకుడు లేడు, పట్టిక లేదు. ఇష్టమైనన్ని మారులు ప్రయత్నించి, కుదిరిన ఒక్కదానిని చూపవచ్చును. అది వేరొక కళ. నాటకమునకును చలనచిత్రమునకును ఎంత భేదము గలదో, పోటీకిని ఈ చిత్రమునకును అంత భేదము గలదు. చిక్కు కళలో లేదు. చూచి నేర్చుకొను బాలుని మనస్సులో ఉన్నది. కుదిరిన ఒక్కటి మాత్రమే చూచినవాడు, కుదరని తొంబదితొమ్మిదింటిని ఊహింపజాలడు. తాను మొదటిసారి పడినపుడు, ఈ విద్య తనకు రాదని సైకిలును మూలకు చేర్చును. లేదా ఒక్క గెంతులో ఘనత సాధింపవలెనని కాలు విరుగగొట్టుకొనును.

ఈ మార్పులన్నిటిని చూచి పాతకాలపువారు కొందరు నిట్టూర్చుదురు. కొండ పోయినది, బురద పోయినది, ఆట ప్రదర్శన మయినదని వారి బాధ. ఆ బాధలో సత్యము కొంత, మమకారము కొంత. పాతకాలము అందరి కాలము కాదు. బండి కొనగలవాడు, సంఘములో తెలిసినవారు గలవాడు, అందులోను ఎక్కువగా పురుషుడు మాత్రమే అందు పాల్గొనగలిగెను. స్త్రీలకు ప్రపంచ పోటీలు 2000 లో గాని ఏర్పడలేదు. ఏర్పడిన పిమ్మట స్పెయిను దేశపు లాయా సాంజ్ పదమూడు పర్యాయములు ప్రపంచ విజేతయై, ఇన్నాళ్లు మూసిన తలుపు వెనుక ఎంత శక్తి నిలిచిపోయినదో లోకమునకు చాటినది. 2017 నుండి విద్యుత్ బండ్లకు అంతర్జాతీయ పోటీ వచ్చినది. చప్పుడు తగ్గినచో పల్లెవాసుల అభ్యంతరమును కొంత తగ్గును. ఒకే ఘట్టములో నేర్పరికి ఒక దారి, కొత్తవానికి సులభమైన వేరొక దారి గుర్తించు మంచి ఆచారమును అనేక సంఘములు పాటించుచున్నవి. ఒకే బండ ప్రక్కన తాతయు మనుమడును తమ తమ శక్తి కొలది పోటీ చేయవచ్చును. జనాదరణము లేనిచో ఈ మేళ్లలో పెక్కు కలిగెడివి కావు.

కావున జనాదరణమును నిందించుట తగదు. దానివెంట ఏది జారిపోవుచున్నదో కనిపెట్టుట తగును. ఈ క్రీడలో మొదటినుండి విలువైనది ఎత్తు కాదు, దూరము కాదు. తప్పును తప్పుగా ఒప్పుకొను పద్ధతి. చోదకుని పాదము నేలకు తగిలినది. ఆతనికి తెలియును, పరిశీలకునికి తెలియును. పట్టికలో ఒక మార్కు పడినది. అందు అవమానము లేదు, వాదము లేదు. తరువాతి ఘట్టము ఎదుట నున్నది. తప్పునకు ఇంత స్వల్పమైన, ఇంత ఖచ్చితమైన వెల కట్టిన క్రీడలు అరుదు. ఒక తప్పునకు ఒకటే మార్కు; దానితో ఆట ముగియదు. అయిదు మార్కులు పడినవాడును తరువాతి బండ దగ్గర సున్న తెచ్చుకొనవచ్చును. తప్పు దాచిపెట్టవలసినదియు కాదు, క్రుంగదీయవలసినదియు కాదని నేర్పు ఈ లెక్క పోయినచో, మిగులునది కనులపండువు మాత్రమే.

జారిపోగూడనిది మరియొకటి కలదు. పూర్వము క్రీడ రైతు అనుమతితో నడచినది. పోటీ ముగిసిన తరువాత తడికలు మూసి, గుర్తులు పీకి, నేలను సరిచేసి పోవుట సంఘ మర్యాద. సంఘము లేక ఒంటరిగా చిత్రము చూచి నేర్చినవానికి ఆ మర్యాద నేర్పువారెవరు? ఉద్యానవనపు గోడయు, ఆలయపు మెట్లును, బడి అరుగును ఎవని సొత్తో అడుగక వానిపై దుముకునాడు, క్రీడకు అభిమానులతోపాటు శత్రువులును పెరుగుదురు. విద్యను చిత్రము నేర్పగలదు. వినయమును మనుష్యులే నేర్పవలెను.

పాతదియు కొత్తదియు కలసి బ్రతుకవచ్చుననుటకు స్కాట్లండు ఆరు దినముల పరీక్షయే నిదర్శనము. యుద్ధకాలములందును, మహమ్మారి వలన 2020, 2021 లందును ఆగినను, అది బెన్ నెవిస్ పాదమున గల ఫోర్ట్ విలియం పట్టణము కేంద్రముగా మే నెలలో జరుగుచునే యున్నది. దినమునకు ఇంచుమించు ముప్పది ఘట్టములు. నడుమ గడ్డినేలలు, దారులు, కొండలు కలసి ఎన్నో మైళ్ల ప్రయాణము. అచ్చట ఆగరాదను పాత నియమమే నేటికిని చెల్లును. ప్రపంచ ప్రఖ్యాతులును, సెలవు పెట్టి వచ్చిన సామాన్య ఉద్యోగులును ఒకే బండను ఎక్కవలెను. ఒకే వాన అందరిని తడుపును. వారి తప్పులు వ్రాయుటకు పరిశీలకులు ఏటేట ముందుకు వచ్చుచున్నారు. వారికి ప్రఖ్యాతి లేదు. వారి ముఖములు ఏ చిత్రమునందును కానరావు. అయినను ఆ పరీక్ష గౌరవమంతయు వారి పెన్సిలు మొనమీద నిలిచియున్నది.

ఉపాధ్యాయులకు ఈ విషయము కొత్తది కాదు. విద్యార్థి దిద్దించుకొన్న నోటుపుస్తకము ఒకటి, చూపుటకు శుభ్రముగా తిరిగి వ్రాసిన ప్రతి మరియొకటి. రెండవది చూచి మెచ్చుకొనువారు పెక్కుమంది. విద్య వచ్చినది మాత్రము ఎఱ్ఱసిరా గీతలు గల మొదటిదానివలన. తిరిగి వ్రాసిన ప్రతులే లోకమంతట కనబడు కాలములో, దిద్దిన పుస్తకమును పారవేయరాదని పిల్లలకు చెప్పవలసిన భారము పెద్దలపై ఉన్నది. సైకిలు నేర్చు బాలుడు కోట్లమంది మెచ్చిన చిత్రమును తప్పక చూచుగాక, ఉత్సాహపడుగాక. పిమ్మట వీధిలో నాలుగు ఇటుకలు పేర్చి, హద్దు గీచి, ప్రక్కన ఒక స్నేహితుని నిలిపి, తన పాదము ఎన్నిసార్లు నేల తాకినదో నిజము చెప్పుమని వానిని కోరుగాక. నిన్న అయిదు, నేడు మూడు, రేపు ఒకటి. ఆ లెక్క వ్రాసికొన్న కాగితము ఎవరికిని చూపనక్కర లేదు; వాడు నేర్చుకొనుచున్నాడో లేదో అది వానికి చెప్పును.